ఆదివారం చెబుతానన్న మాట

నరసన్నపేట,
12 జూలై 2024.

చిన్నత్తయ్యకు మెర్సీ వందనాలు.

మావయ్యను శ్రీకాకుళం ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశాం. ప్రాణానికి భయం లేదన్నారు. కుడి కాలు, కుడి చెయ్యి మాత్రం పడిపోయాయి. మూతి కాస్త పక్కకు లాగింది గాని గంజి మింగుతున్నారు. మీ తుంటి ఆపరేషన్ ఎలా ఉంది? లేచి నడుస్తున్నారా? ఫోన్ చేస్తే మీకు వినబడదు, మెసేజ్ పెడితే అక్షరాలు ఆనవు. అందుకని పెద్ద అక్షరాలతో ఉత్తరం రాస్తున్నాను. భూతద్దం పెట్టుకుని నిదానంగా చదవండి.

మీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. మావయ్యకు తెలుగు పోయింది. నోరు పడిపోలేదు, తెలుగే పోయింది. 'నీళ్ళు' అనలేరు, 'అమ్మా' అనలేరు. నా ముఖంలోకి చూసి పెదవులు కదుపుతారు, మాట రాక కళ్ళు మూసుకుంటారు. కాసేపటికి ఇంగ్లీషు వస్తుంది. అదీ గడగడా. "ది బాక్స్ ఈజ్ హెవీ. ది బాయ్స్ ఆర్ నాయిజీ. ది డాగ్ ఈజ్ ఓల్డ్." మన ఇంట్లో బాక్సూ లేదు, డాగూ లేదు. పక్కింటి సుభద్రమ్మగారు వచ్చి చూసి, "మాస్టారికి మతి పోనాది మెర్సీ, ఏటేటో అంతన్నారు" అని కళ్ళొత్తుకుని వెళ్ళారు. డాక్టరుగారు మాత్రం మతి పోలేదన్నారు. కొందరికి ఇలాగే పుట్టుభాష పోయి, చదువుకున్న భాష మిగులుతుందట.

నేను తెలుగు మీడియంలో చదివాను. అంగన్‌వాడీలో పిల్లలకు ఏ ఫర్ ఏపిల్ చెప్పేంతవరకే నా ఇంగ్లీషు. మీరూ మావయ్యలాగే ఇంగ్లీషు టీచరుగా చేశారు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను, ఆయన ఏం చెబుతున్నారు?

అడగడానికి ఇంకో కారణం ఉంది. ఇది మీకు ముందే రాయాల్సింది. టెక్కలి పశువుల ఆస్పత్రిలో ఇమ్మానుయేలు అని కాంపౌండరు ఉన్నాడు. నెమ్మదస్థుడు. నన్ను పెళ్ళి చేసుకుంటానని పాస్టరుగారి ద్వారా అడిగించాడు. మీ పాల్ పోయాక మూడో వర్షాకాలం ఇది. నాకు ఇష్టమే అత్తయ్యా, దాచను. కానీ మన సంఘం పద్ధతి మీకు తెలిసిందే. భర్త పోయిన పిల్లకు మళ్ళీ పెళ్ళయితే, గుడిలో ప్రకటన చదివిన ఆదివారం అత్తింటి పెద్ద లేచి, 'మా బిడ్డను మేమే పంపుతున్నాం' అని నోటితో చెప్పాలి. మావయ్యను అడిగాను. అన్నం తింటున్న చెయ్యి ఆపేశారు. తర్వాత, "ఆదివారం సెప్తానమ్మా" అన్నారు. ఆ ఆదివారం రాకముందే, పోయిన శుక్రవారం ఉదయం బావి దగ్గర పడిపోయారు.

ఏం చెబుదామనుకున్నారో నాకు తెలియాలి. వేరేవాళ్ళతో చెప్పించుకోవచ్చని పాస్టరుగారు అంటున్నారు. నాకలా వద్దు. నన్ను ఆయన చేతిలో పెట్టి మా నాన్న కన్నుమూశాడు, ఆయన పంపితేనే వెళతాను.

మీ కోడలు,
మెర్సీ.


నెల్లిమర్ల,
19 జూలై 2024.

అమ్మా మెర్సీ,

నీ ఉత్తరం అందింది. మొదటిసారి చదివి మంచం మీద కూర్చుండిపోయాను. రెండోసారి అద్దం మసకబారింది. వంటమనిషి తాతమ్మ వచ్చి, "ఏటైనాది అమ్మగోరూ" అని అరిచింది. నాకు వినబడాలంటే అరవక తప్పదు పాపం. దానికి నాకు వండిపెట్టే పని కంటే అరిచే పనే ఎక్కువ.

అన్నయ్య మాటల సంగతి చెబుతాను, విను. అవి మాటలు కావమ్మా. పాఠాలు. మీ మావయ్య ఏసుదానం మాస్టారు ముప్ఫై ఏళ్ళు ఒకే పద్ధతిలో ఇంగ్లీషు చెప్పాడు. వ్యాకరణం పేరెత్తేవాడు కాదు. బోర్డుమీద గళ్ళు గీసేవాడు. మొదట ఒక వస్తువు, దాని పక్కన దాని గుణం. పెట్టె బరువు, కుక్క ముసలిది, పిల్లలు అల్లరి. అదయ్యాక మనిషి, వాడు చేసే పని. పక్షులు ఎగురుతాయి. ఆ తర్వాత మనిషి, పని, ఆ పని దేనిమీద జరిగిందో ఆ వస్తువు. కుర్రాడు తలుపు తీశాడు. ఇంగ్లీషులో ఎన్ని పుస్తకాలున్నా వాటన్నిటి లోపల ఎముకలు ఈ నాలుగైదేనని అనేవాడు. ఒక గడిలో మాట చెరిపి ఇంకో మాట రాసేవాడు, పిల్లలు కొత్త వాక్యం చెప్పేవారు. పెట్టె బరువు, బస్తా బరువు, బండి బరువు. నాకూ ఆయనే నేర్పాడు. ఇంట్లో మాత్రం ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడేవాడు కాదు. "ఇంట్లో కూడా పాఠమేటే సుందరీ" అనేవాడు.

ఇన్నేళ్ళు రోజూ అరిచి చెప్పిన వాక్యాలు నాలుక మీద ముద్రపడిపోయాయి. రోగం మిగతాదంతా తుడిచేసింది, ఇవి మిగిలాయి. వాటిలో ఆయన మనసు వెతక్కు. దేవుడి దయవల్ల తెలుగు తిరిగి వస్తే అప్పుడు అడుగుదువుగాని.

పెళ్ళి మాట ఇంత ఆలస్యంగా తెలియడం నాకు కష్టంగా అనిపించింది. అనిపించింది కాబట్టి రాస్తున్నాను, లోపల పెట్టుకుని పైకి నవ్వే అలవాటు నాకు లేదు. నీ ఇష్టం నీది. ఒక్కటే అడుగుతాను, నువ్వు టెక్కలి వెళితే అన్నయ్యకు గంజి ఎవరు పోస్తారు?

నేనింకా కర్ర పట్టుకునే తిరుగుతున్నాను. నీ ఒళ్ళు జాగ్రత్త.

జ్ఞానసుందరి.


నరసన్నపేట,
27 జూలై 2024.

చిన్నత్తయ్యకు,

మీ ఉత్తరంలో చివరి ప్రశ్న చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మావయ్యను వదిలేసి పోతానని నేను ఎక్కడ రాశాను? పెళ్ళికాని రోజుల్లో నేను ఈ ఇంటి గడప తొక్కలేదు గాని, తొక్కినప్పటి నుంచి ఆయన్ను ఒక్కపూట పస్తు ఉంచానా? పాల్ శవం హైవే మీద నుంచి తెచ్చిన రోజున కూడా పొయ్యి వెలిగించి ఆయనకు టీ పెట్టిచ్చాను. మీకు తెలియనిది కాదు. అయినా అడిగారు. సరే.

అవన్నీ పాఠాలే అని రాశారు. కొన్ని పాఠాలే, ఒప్పుకుంటాను. అన్నీ కావు. మొన్న గంజిలో ఉప్పు ఎక్కువైంది. నేను నోట్లో పెట్టుకోలేదు, ఆయనకు తాగించాను. ఒక గుక్క తాగి, "ది గంజి ఈజ్ సాల్టీ" అన్నారు. సాల్ట్ అంటే ఉప్పని నాకు తెలుసు. మీ అన్నయ్య బోర్డుమీద ఎప్పుడైనా గంజి అని రాశారా? గది తలుపు మూసి దీపం వేయడం మరిచిపోతే, "ది రూమ్ ఈజ్ డార్క్" అన్నారు. అది కూడా పాఠమేనంటారా? మీరు నెల్లిమర్లలో కూర్చుని చెబుతున్నారు, నేను ఆ మంచం పక్కన కూర్చుని వింటున్నాను.

అయితే అవి ఆయన సొంత మాటలే అనుకోవడం వల్ల నాకే దెబ్బ తగిలింది. నిన్న పాస్టరుగారు ప్రార్థనకు వచ్చారు. ప్రార్థన అయ్యాక ఇమ్మానుయేలు పేరెత్తి, "మాస్టారూ, పిల్ల విషయం మీ మనసులో ఏముంది?" అని గట్టిగా అడిగారు. మావయ్య నావైపు చూశారు. "మెర్సీ ఈజ్ లేజీ" అన్నారు. పాస్టరుగారు ఈ ప్రాంతానికి కొత్త, మావయ్య దగ్గర చదువుకున్నవారు కాదు. ఏమనుకున్నారో ఏమో, తల దించుకుని పుస్తకం సంచిలో పెట్టుకున్నారు. ఆయన వెళ్ళాక ఫోనులో ఆ మాటకు అర్థం చూశాను. సోమరి అట.

అత్తయ్యా, నన్ను ఎవరైనా ఏమైనా అననీ. సోమరి అని మాత్రం ఆయన అనకూడదు. పొద్దున్నే లేచి ఆయన ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, సెంటరుకు పోయి పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి, మధ్యాహ్నం పరుగున వచ్చి మళ్ళీ పోతున్నాను. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆ ఆదివారం ఆయన చెప్పాలనుకున్నది ఇదేనేమో. పెళ్ళి వంక పెట్టి పని తప్పించుకుంటున్నానని అనుకున్నారేమో.

మీరు లేచి ఇక్కడికి రాగలిగేలోపు నన్ను ఇంకా అనాల్సినవి ఉంటే రాయండి.

మెర్సీ.


నెల్లిమర్ల,
5 ఆగస్టు 2024.

మెర్సీ తల్లీ,

కోపంగా రాసినా పెద్ద అక్షరాలతోనే రాశావు. అందుకు నాకు నవ్వొచ్చింది, తర్వాత కన్నీళ్ళొచ్చాయి.

గంజి సంగతి నేను వేళాకోళం కోసం అడగలేదు. నిన్ను దెప్పాలనీ కాదు. చెవులు పోయిన మనిషికి ఇదొక బాధ, మాట ఎంత గట్టిగా అంటున్నామో తెలియదు. కాగితం మీద కూడా తెలియదని ఇప్పుడు అర్థమైంది. అన్నయ్యకు గంజి పోసేవాళ్ళు ఎవరని అడిగింది, ఆ పని నాకు ఇమ్మని అడగడానికి. నువ్వు నీ దారిన వెళితే ఆయన్ను ఇక్కడికి పంపించు. తాతమ్మ ఉంది, ముందు గది ఉంది. అదే రాయాలనుకుని సగం రాసి కవరు అంటించేశాను.

సోమరి మాట గురించి. ఏడవకు. అన్నయ్య గుణాల గడిలో ఎప్పుడూ ఉండే మాటలు ఇవి: హెవీ, ఓల్డ్, నాయిజీ, లేట్, లేజీ. పేర్ల గడిలో మాత్రం ఎదురుగా ఎవరుంటే వాళ్ళ పేరు. నేను ఆయన చెల్లెల్ని, నన్నే ముందు వరసలో నిలబెట్టి 'సుందరి ఈజ్ లేజీ' అని క్లాసంతటి చేత అనిపించేవాడు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పి గోల చేసేదాన్ని. నీ పేరు ఆయనకు దొరికింది, దాని పక్కన పెట్టడానికి నాలుక చివర ఉన్న మాట ఒకటి వచ్చి పడింది. అంతకంటే ఏమీ లేదు.

అంతకంటే ఏమీ లేదని రాశాక కలం ఆగిపోయింది. నువ్వన్న గంజి గుర్తొచ్చింది. గంజి ఉప్పగా ఉందని తెలిసి, ఆ మాటను ఆ గడిలో కూర్చోబెట్టిన మనిషి లోపల లేకుండా ఎలా ఉంటాడు? లేడని నేనెలా రాశాను? అన్నయ్య నాకు నేర్పిందల్లా ఈ వాక్యాలే. వాటిని చూడగానే పాఠమని గుర్తుపట్టాను గాని, పాఠం చెప్పేవాడిని మరిచిపోయాను.

మెర్సీ, నువ్వు నాకు ఆయన మాటలు రాశావు, ఆయన్ను రాయలేదు. ఎప్పుడు మాట్లాడతారు? ఎటు చూస్తారు? ఏదైనా మాట సగంలో ఆపుతారా? అన్నీ రాయి. వివరంగా రాయి, ఎంత పొడుగైనా ఫరవాలేదు. ఇక్కడ వర్షాలు. జూట్ మిల్లు రోడ్డంతా బురద, పోస్టుమేన్ కూడా తిట్టుకుంటూ వస్తున్నాడని తాతమ్మ చెప్పింది.

నీ అత్తయ్య,
జ్ఞానసుందరి.


నరసన్నపేట,
16 ఆగస్టు 2024.

చిన్నత్తయ్యకు వందనాలు.

ఆయన్ను పంపించమని రాసిన ముక్క దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. మీరు మంచి మనసుతోనే రాశారు. కానీ చదివినప్పుడు, మీ ఇంటి మనిషిని మీరు తీసేసుకుంటున్నారని, ఇక నేను ఈ ఇంటికి ఏమీ కానని అనిపించింది. అందుకే జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఈలోగా ఒక పని చేసేశాను. ఇమ్మానుయేలుకు వద్దని చెప్పేశాను. గుడి బయట నిలబడి చెప్పాను. అతను గట్టిగా ఏమీ అనలేదు. "మాస్టారు వద్దన్నారేటండీ?" అని మాత్రం అడిగాడు. వద్దనలేదు, సరేననలేదు అన్నాను. "అయితే నాను ఆగుతాను. నాకు తొందరేటున్నాది" అని మోటారు సైకిలు తోసుకుంటూ వెళ్ళాడు. ఆగొద్దని చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. ఆ సాయంత్రం నుంచి ఇల్లు చాలా పెద్దదైపోయినట్టుంది.

మీరు అడిగినవి రాస్తాను. మావయ్య అందరి దగ్గరా మాట్లాడతారు గాని నా దగ్గర పొద్దున మాట్లాడేది వేరు. ఒళ్ళు తుడిచి, దిండు ఎత్తుగా పెట్టి కూర్చోబెడతాను. అప్పుడు నన్ను ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చోమన్నట్టు కళ్ళతో చూపిస్తారు. కూర్చుంటే, "మెర్సీ వాంట్స్ టు" అంటారు. అక్కడ ఆగిపోతారు. మాట దొరకదు. ఎడమ చెయ్యి నావైపు చాపుతారు, అరచెయ్యి పైకి తెరిచి. దాహమేమోనని గ్లాసు చేతిలో పెడతాను. వద్దని తోసేస్తారు. మళ్ళీ "మెర్సీ వాంట్స్ టు", మళ్ళీ చెయ్యి. మాత్ర పెడితే వద్దు, బైబిలు పెడితే వద్దు, పాల్ ఫోటో తెచ్చి పెట్టాను, దాన్ని గుండెకు ఆనించుకుని పక్కన పెట్టేశారు. మళ్ళీ చెయ్యి. "ఏటి కావాల మావా? నాకెలా తెలుస్తాది?" అని ఒకరోజు విసుక్కున్నాను. చెయ్యి అలాగే చాపి ఉంచారు. నా సెంటరు టైమైపోయేదాకా దించలేదు. మిగతావాళ్ళు వస్తే ఇలా చేయరు. సుభద్రమ్మగారు వస్తే పెట్టె బరువు, కుక్క ముసలిది, అంతే.

వాంట్స్ అంటే కావాలని అని తెలుసు. ఆయనకేదో కావాలి, నేను ఇవ్వలేకపోతున్నాను. అది తలుచుకుంటే పెళ్ళి ఆశ పెట్టుకున్నందుకు సిగ్గేస్తోంది.

మెర్సీ.


నెల్లిమర్ల,
21 ఆగస్టు 2024.

మెర్సీ,

ఇది స్పీడు పోస్టులో పంపిస్తున్నాను. క్షేమసమాచారాలు తర్వాత.

ఆ చెయ్యి ఆయన తన కోసం చాపింది కాదమ్మా! ఆ చెయ్యి పట్టుకోవడానికి కాదు, అందులో ఏదైనా పెట్టడానికీ కాదు. క్లాసులో అన్నయ్య సగం వాక్యం చెప్పి ఆపేవాడు. ఆపి, ఒక పిల్ల వైపు ఇలాగే అరచెయ్యి తెరిచి చాపేవాడు. 'మిగతాది నువ్వు చెప్పు' అని దాని అర్థం. చాపాక ఇక నోరు విప్పేవాడు కాదు. అందించేవాడు కాదు, పక్కవాడిని అందించనిచ్చేవాడు కాదు. బెల్లు కొట్టినా చెయ్యి దించేవాడు కాదు. మొండిపిల్లలు కూడా ఆ చెయ్యి చూసి చివరికి ఏదో ఒక మాట చెప్పేవారు. గడిలో పట్టే మాట ఏది చెప్పినా "గుడ్" అనేవాడు, పక్క పిల్లకు వెళ్ళిపోయేవాడు.

నువ్వు ఆయన దగ్గర చదువుకోలేదు, నీకు ఆ చెయ్యి తెలియదు. నాకు ఆ చెయ్యి తెలుసు, నేనక్కడ లేను. మనిద్దరి మధ్యా అన్నయ్య ఇన్నాళ్ళూ చెయ్యి చాపుకుని కూర్చున్నాడు.

'మెర్సీ వాంట్స్ టు' అంటే, మెర్సీకి ఫలానా పని చేయాలని ఉంది అని. ఆ పని ఏమిటో ఆయన చెప్పలేదు. అది నీదని వదిలాడు. ఆయన నిన్ను అడుగుతున్నాడు తల్లీ. ఆదివారం చెబుతానన్న మాటకు ముందు నీ నోట వినాలనుకున్నాడేమో. అది నాకు తెలియదు. ఇకమీదట నాకు తెలియనివి తెలిసినట్టు రాయను.

నీకు పనికొచ్చే మాటలు కొన్ని రాస్తున్నాను. ఈట్, తినడం. స్లీప్, పడుకోవడం. వర్క్, పని చేయడం. స్టే, ఉండిపోవడం. గో, వెళ్ళడం. వీటిలో ఏది వేసినా వాక్యం నిలుస్తుంది, ఏది వేసినా మాస్టారుకు సరైన జవాబే. కాబట్టి ఏది ఒప్పు అని నన్ను అడగవద్దు. ఎదురుగా కూర్చో. ఆయన చెయ్యి చాపినప్పుడు గ్లాసు ఇవ్వకు. మాట ఇయ్యి.

నీ అత్తయ్య,
జ్ఞానసుందరి.


నరసన్నపేట,
9 సెప్టెంబరు 2024.

అత్తయ్యా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ముందు మావయ్య బాగున్నారని రాస్తాను. ఊరంతా ఒకటే ముసురు. కిటికీ పక్క మంచం జరిపి వేశాను.

మీ ఉత్తరం సెంటరులో ఉండగా వచ్చింది. పిల్లలు అన్నాలు తింటున్నారు. చదివాక ఆయాకు అప్పగించి ఇంటికి వచ్చేశాను. కానీ ఆ రోజు ఆయన ఎదుట కూర్చోలేకపోయాను, భయమేసింది. మర్నాడు పొద్దున కూర్చున్నాను. ఒళ్ళు తుడిచి, దిండు పెట్టి, ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను. "మెర్సీ వాంట్స్ టు" అన్నారు. చెయ్యి చాపారు.

నా నోటికి ముందు వచ్చిన మాట 'స్టే'. అదే చెప్పాను. ఉండిపోతాను మావా, నిన్ను వదలను అని తెలుగులో కూడా చెప్పాను. మీరు రాసినట్టు గుడ్ అంటారని చూశాను. అనలేదు. చెయ్యి దించలేదు. మళ్ళీ మొదట్నుంచి, "మెర్సీ వాంట్స్ టు". నేను సరిగ్గా పలకలేదేమోనని గట్టిగా "స్టే" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. అత్తయ్యా, గడిలో పట్టే మాట ఏది చెప్పినా గుడ్ అంటారని మీరే రాశారు. ఆ మాట పట్టింది. వాక్యం నిలిచింది. అయినా ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు నాకు అర్థమైంది. ఇది పాఠం కాదు. నా ఎదుట కూర్చున్నది మాస్టారు కాదు, మా మావయ్య. నేను అబద్ధం చెబుతున్నానని ఆయనకు తెలుసు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆయన చెయ్యి బరువుకు వణకడం మొదలుపెట్టింది. దించమంటే దించరు. చివరికి ఆ చేతినే చూస్తూ, "గో" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయన చెవి నావైపు తిప్పారు. మళ్ళీ అన్నాను. "గో, మావా." ఆయన ముఖం వంకర పోయింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారాయి. "గుడ్" అన్నారు. చెయ్యి నా తలమీద పెట్టారు. నేను ఆయన మోకాళ్ళ మీద పడి, పాల్ పోయిన రోజు ఏడవనిదంతా ఏడ్చాను.

పాస్టరుగారితో చెప్పాను. ఇమ్మానుయేలు నిజంగానే ఆగి ఉన్నాడు. ప్రకటన నిన్నటి ఆదివారం చదివారు.

అందరూ వద్దన్నా మావయ్య వినలేదు, గుడికి తీసుకెళ్ళాం. ఇమ్మానుయేలు, నేను చెరో పక్క పట్టుకున్నాం. ప్రకటన చదివి, "ఈ బిడ్డ అత్తింటి పెద్ద ఉన్నారా?" అని పాస్టరుగారు అడిగారు. అడిగి, మాస్టారుకు మాట రాదు కనుక తల ఊపితే చాలునని తానే సర్దిచెప్పబోయారు. మావయ్య లేవాలని బెంచీ పట్టుకున్నారు. లేపాం. పెదవులు చాలాసేపు కదిలాయి. మొదట "ది బాక్స్" అని వచ్చింది. వెనక ఎవరో చిన్నగా నవ్వారు. ఆయన కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, బెంచీ వదిలేసి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఐ వాంట్ మెర్సీ టు గో."

ఆపకుండా, సగంలో వదలకుండా, చివరిదాకా చెప్పారు. జబ్బు చేశాక అంత పొడుగు మాట ఆయన నోట నేను వినలేదు. చెప్పి ఊరుకోలేదు. గుడి వైపు తిరిగి చూశారు. ఆ చూపేమిటో నాకు తెలియలేదు, అక్కడున్నవాళ్ళకు తెలిసింది. మీ అన్నయ్య దగ్గర చదువుకున్నవాళ్ళు గుడిలో సగం మంది ఉంటారు కదా. తలలు నెరిసినవాళ్ళు, మనవలున్నవాళ్ళు. వాక్యం పూర్తయ్యాక క్లాసంతా తిరిగి చెప్పాలట, ఆ పద్ధతి నాకు తర్వాత చెప్పారు. ముందు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు వచ్చింది. తర్వాత మగవాళ్ళ వైపు. తర్వాత అందరూ ఒక్కసారి లేచి నిలబడి, పిల్లల్లాగా గట్టిగా చెప్పారు. "ఐ వాంట్ మెర్సీ టు గో."

గుడి కప్పు మోగిపోయింది అత్తయ్యా. పాస్టరుగారు పుస్తకం మూసేసి ఏడ్చారు. నాకు తల్లిదండ్రులు లేరు. ఒక్కమాటతో నన్ను ఊరు ఊరంతా అత్తారింటికి పంపింది.

పెళ్ళి ఈ నెలాఖరులో. పెళ్ళయిన మర్నాడు మావయ్యను మేమిద్దరం నెల్లిమర్ల తీసుకొస్తాం. మీరు ఆ మాట రాసినప్పుడు నన్ను పరాయిదాన్ని చేశారని అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ముందు గదిలో మంచం తూర్పు వైపు వేయించండి, ఆయనకు పొద్దుటి వెలుగు కావాలి. గంజిలో ఉప్పు తక్కువ వేయమని తాతమ్మకు చెప్పండి. ఆయన నోటి మాట మీకు వినబడదు, ఆయనకు తెలుగు రాదు. ఎలా గడుపుతారో అని నాకు దిగులుగా ఉంది. మావయ్యను అడిగాను, సుందరి అత్త దగ్గర ఉంటావా అని. మీ పేరు వినగానే ముఖం విప్పారింది. కాసేపు వెతుక్కుని, "సుందరి ఈజ్ లేజీ" అన్నారు.

మీ
మెర్సీ.